ఒకే ప్లానుకు రెండు ఆడిట్ నివేదికలు, రెండు గడువులు: ఫారం 11-కె ఎందుకు, ఎవరికి, ఎప్పటికి?

గచ్చిబౌలి పద్దులు
14 ఏప్రిల్ 2026

సభ్యులకు నమస్కారం. నేను హైదరాబాదులో ఒక అమెరికా ఆడిట్ సంస్థ తరఫున 401(కె) ప్లాన్ల, అంటే ఉద్యోగులు జీతంలోంచి దాచుకునే పదవీ విరమణ పొదుపు ప్లాన్ల, ఆడిట్ చేసే బృందంలో నాలుగేళ్ళుగా పని చేస్తున్నాను. ఇంతకాలం మా చేతికి వచ్చినవన్నీ స్టాక్ మార్కెట్‌లో లేని కంపెనీల ప్లాన్లే. వాటికి అమెరికా కార్మిక శాఖకు ఏటా పంపే ఫారం 5500 ఒక్కటే లెక్క. డిసెంబరుతో ముగిసే ప్లానుకు జూలై 31 గడువు, ఫారం 5558 పంపితే అక్టోబరు 15 వరకు వెసులుబాటు ఉంటుంది కనుక మా బిజీ సీజన్ మే నెలలో మొదలై దసరా ముందు తీరికగా ముగిసేది.

ఈ ఏడాది మొదటిసారి ఒక లిస్టెడ్ కంపెనీ ప్లాను ఇచ్చారు. ఉద్యోగులు తమ సొమ్ముతో ఆ కంపెనీ షేర్లే కొనుక్కునే ఫండ్ అందులో ఉంది. మేనేజరు గారు దీనికి ఫారం 11-కె అనే వార్షిక నివేదిక కూడా ఎస్‌ఈసీకి, అంటే అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థకు, పంపాలని, జూన్ చివరికి అంతా పూర్తి కావాలని, లిస్టెడ్ కంపెనీల ఆడిట్లను పర్యవేక్షించే పీసీఏఓబీ ప్రమాణాల ప్రకారం ఒక నివేదిక, ఎప్పటి ప్రమాణాల ప్రకారం ఇంకొకటి, మొత్తం రెండు నివేదికలు ఇవ్వాలని అన్నారు. ఇన్నాళ్ళూ ప్లాను ఆస్తులను భద్రపరిచే బ్యాంకు ఇచ్చిన ధ్రువపత్రాన్ని నమ్మి పెట్టుబడుల జోలికి పోకుండా చేసేవాళ్ళం, ఈసారి ఆ సౌకర్యం లేదట. క్లయింటు వైపు హెచ్‌ఆర్ మేడమ్ నిన్న కాల్‌లో “అదే సొమ్ము, అవే ఖాతాలు, అదే ఆడిటరు, మరి రెండుసార్లు ఎందుకు?” అని అడిగితే నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. అదే కంపెనీకి ఉద్యోగుల షేర్ల కొనుగోలు ప్లాను, అంటే ఈఎస్‌పీపీ, కూడా ఉంది. దానికి ఈ గొడవ ఏదీ లేదన్నారు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవారు వివరిస్తే మేలు చేసినవారవుతారు.

ఎడిసన్ ఖాతాలు
14 ఏప్రిల్ 2026

హెచ్‌ఆర్ మేడమ్ ప్రశ్న సరైనదే, జవాబు మాత్రం ఖాతాల్లో లేదు, చట్టంలో ఉంది. ఫారం 5500 వెనుక ఉన్నది 1974 నాటి ఎరిసా చట్టం. ఉద్యోగి పదవీ విరమణ సొమ్ము భద్రంగా ఉందా లేదా అని కార్మిక శాఖ అడిగే ప్రశ్నకు అది సమాధానం. ఫారం 11-కె వెనుక ఉన్నది 1934 నాటి సెక్యూరిటీస్ ఎక్స్ఛేంజ్ చట్టంలోని 15(డి) సెక్షను. ఇక్కడ ఉద్యోగిని ఎస్‌ఈసీ పింఛనుదారుగా కాకుండా మదుపరిగా చూస్తుంది.

1979లో టీమ్‌స్టర్స్ సంఘానికీ డేనియల్ అనే సభ్యుడికీ మధ్య నడిచిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు, యజమానే మొత్తం చెల్లించే, ఉద్యోగికి చేరాలా వద్దా అన్న ఎంపికే లేని పింఛను ప్లానులో అతడి హక్కు సెక్యూరిటీ, అంటే షేరు, బాండు వంటి పెట్టుబడి, కాదని తేల్చింది. ఆ తరువాత ఎస్‌ఈసీ 1980లోను, 1981లోను రెండు వివరణలు విడుదల చేసి, తీర్పుకు లోబడని ప్లాన్లు ఏవో చెప్పింది. చేరడం ఉద్యోగి ఇష్టం అయి, చందా అతడి జీతంలోంచే కట్ అవుతూ ఉంటే, అటువంటి ప్లానులో అతడికున్న హక్కు కూడా ఒక సెక్యూరిటీయే. యజమాని ఇచ్చే వాటాకు మించి ఉద్యోగి సొంత సొమ్ముతో ఆ కంపెనీ షేర్లు కొనే వీలుంటే ఆ హక్కును ఎస్‌ఈసీ దగ్గర ఫారం ఎస్-8 ద్వారా నమోదు చేయాలి. షేర్లను నమోదు చేయడంతో సరిపోదు, ప్లానులోని హక్కులను కూడా విడిగా నమోదు చేయాలి. ఆ నమోదు జరిగిన క్షణం నుంచి ప్లాను తనంతట తానే ఒక జారీదారు, అంటే సెక్యూరిటీలు జారీ చేసే సంస్థ, అవుతుంది, జారీదారు ఏటా నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికే 11-కె.

ఇది మనసుకు ఎక్కితే మిగిలినవన్నీ వాటంతట అవే విడిపోతాయి. బ్యాంకు ధ్రువపత్రాన్ని నమ్మే వెసులుబాటు ఎరిసా 103(ఎ)(3)(సి) ఇచ్చింది. మదుపరికి చూపే లెక్కల్లో సగం ఆస్తులను ఆడిటరు ముట్టుకోలేదంటే ఎస్‌ఈసీ ఒప్పుకోదు కనుక ఆ మినహాయింపు చెల్లదని 11-కె సూచనల్లోనే రాసి ఉంది. ప్లాను జారీదారు కనుక దాని ఆడిటరు పీసీఏఓబీలో నమోదైన సంస్థ అయి ఉండాలి. యజమాని వాటాతో మాత్రమే కంపెనీ షేర్లు కొనే ప్లాను అయితే ఈ నమోదూ అక్కర్లేదు, ఈ నివేదికా అక్కర్లేదు. కాబట్టి క్లయింటు దగ్గరకు వెళ్ళగానే నేను అడిగే మొదటి కాగితం ప్లాను పత్రం కాదు, ఎస్-8.

ఫ్రిస్కో న్యాయసలహా
15 ఏప్రిల్ 2026

ఎడిసన్ గారు 401(కె) సంగతి చెప్పారు, నేను ఈఎస్‌పీపీ సంగతి చెబుతాను. ఫారం 11-కె పేరులోనే ‘ఉద్యోగుల షేర్ల కొనుగోలు, పొదుపు తదితర ప్లాన్లు’ అని ఉండడంతో ప్రతి ఈఎస్‌పీపీకీ 11-కె తప్పదని కొందరు భయపడతారు, ఏ ఈఎస్‌పీపీకీ అక్కర్లేదని కొందరు ధీమాగా ఉంటారు. రెండూ తొందరపాటే.

అమెరికా పన్ను చట్టం, అంటే అంతర్గత రెవెన్యూ కోడ్, 423 సెక్షను కింద నడిచే మామూలు ఈఎస్‌పీపీని తీసుకోండి. ఆరు నెలలు జీతంలో కోత పడుతుంది, చివరి రోజున గరిష్ఠంగా 15 శాతం తగ్గింపుతో షేర్లు కొంటారు, అవి నేరుగా ఉద్యోగి పేరున బ్రోకరేజీ ఖాతాలో పడతాయి. ప్లాను చేతిలో నిలవ ఉండే ఆస్తి అంటూ దాదాపు ఏమీ ఉండదు. ఇక్కడ ఉద్యోగికి షేరు తప్ప ప్లానులో విడి హక్కు అంటూ ఏమీ లేదని న్యాయవాదులు తేల్చిన చోట 11-కె వేయరు. ప్లానే షేర్లను పట్టి ఉంచి, డివిడెండ్లు తిరిగి పెట్టుబడి పెడుతూ, ఖాతాలు నడిపే తరహా ఉన్నచోట ప్రశ్న గట్టిగా వస్తుంది, వేసే కంపెనీలూ ఉన్నాయి. మీ క్లయింటు న్యాయవాది అభిప్రాయం రాతపూర్వకంగా ఫైలులో ఉందో లేదో చూడండి. ‘లేదన్నారు’ అనే మాట ఆడిట్ ఫైలులో సాక్ష్యం కాదు.

వేయవలసి వస్తే మాత్రం ఈఎస్‌పీపీ పరిస్థితి 401(కె) కన్నా కష్టం. ఎరిసా దానికి వర్తించదు కనుక, ప్లాను ఏడాది ముగిశాక 401(కె)కు దొరికే 180 రోజులు దీనికి లేవు, 90 రోజులే. ఎరిసా పద్ధతి లెక్కలు చూపే వీలు కూడా లేదు. ఎస్‌ఈసీ లెక్కల నియమావళి అయిన రెగ్యులేషన్ ఎస్-ఎక్స్‌లోని 6ఎ అధికరణ ప్రకారం రెండేళ్ళ ఆర్థిక స్థితి పట్టిక, మూడేళ్ళ ఆదాయ, మార్పుల పట్టిక ఇవ్వాలి. ఎరిసా ప్లాను అయితే రెండేళ్ళ నికర ఆస్తుల పట్టిక, ఒక్క ఏడాది మార్పుల పట్టికతో సరిపోతుంది.

లెక్కల మాస్టారు
15 ఏప్రిల్ 2026

గచ్చిబౌలి గారూ, ‘జూన్ చివరికి’ అని రాశారు. ఆ మాటను తేదీగా మార్చుకోండి. చట్టం చెప్పింది ఆరు నెలలు కాదు, 180 రోజులు. డిసెంబరు 31 తరువాత మే 31 నాటికి 151 రోజులు, మిగిలినవి 29. అంటే మామూలు సంవత్సరంలో జూన్ 29. లీపు సంవత్సరంలో ఒక రోజు ముందుకు జరిగి జూన్ 28 అవుతుంది, 2024లో అలాగే అయింది. 2025లో జూన్ 29 ఆదివారం పడడంతో సోమవారం, జూన్ 30 దాకా కుదిరింది. అది చూసి మా వాళ్ళు జూన్ 30 అని క్యాలెండరులో శాశ్వతంగా రాసుకున్నారు. ఈ ఏడాది జూన్ 29 సోమవారమే. జూన్ 30న పంపితే ఆలస్యమే.

ఈఎస్‌పీపీ 90 రోజులు కూడా అంతే. మామూలు సంవత్సరంలో మార్చి 31, లీపు సంవత్సరంలో మార్చి 30.

గచ్చిబౌలి పద్దులు
16 ఏప్రిల్ 2026

అందరికీ కృతజ్ఞతలు. మేనేజరు గారి క్యాలెండరులో జూన్ 30 అనే ఉంది, ఈ ఉదయమే మార్పించాను. ఎస్-8 తెప్పించి చూశాను, ప్లాను హక్కుల నమోదు విడిగా కనిపించింది. ఈఎస్‌పీపీ గురించి క్లయింటు న్యాయవాదిని రాతలో అడిగాం.

ఇంకో రెండు సందేహాలు. రెండు నివేదికలను కలిపి ఒకే నివేదికలో ‘ఈ రెండు ప్రమాణాల ప్రకారం’ అని రాయకూడదా? కీలక ఆడిట్ అంశాలు, అంతర్గత నియంత్రణలపై అభిప్రాయం, సీఈఓ ధ్రువీకరణ, లిస్టెడ్ కంపెనీ ఆడిట్‌లో ఉండే ఈ పటాటోపం అంతా ప్లానుకు కూడా ఉంటుందా?

ఎడిసన్ ఖాతాలు
16 ఏప్రిల్ 2026

కలపవద్దు. ఎరిసా ప్లాన్ల కోసం ఎస్ఏఎస్ 136 అనే ఆడిట్ ప్రమాణం వచ్చాక ఏఐసీపీఏ, అంటే అమెరికా అకౌంటెంట్ల సంఘం, నివేదిక రూపమే మారిపోయింది. యాజమాన్యం బాధ్యతలు, ఆడిటరు బాధ్యతలు, పట్టికలపై అభిప్రాయం, అన్నీ వేరే క్రమంలో ఉంటాయి. పీసీఏఓబీ ఏఎస్ 3101 నివేదికకు తన క్రమం ఉంది, ఏ సంవత్సరం నుంచి ఆ ప్లానుకు మీరు ఆడిటరుగా ఉన్నారో కూడా అందులో రాయాలి. ఎస్‌ఈసీకి వెళ్ళేది పీసీఏఓబీ నివేదిక, ఫారం 5500తో వెళ్ళేది రెండోది. చేసే పని ఒకటే, సంతకాలే రెండు.

పటాటోపం విషయంలో మాత్రం ఊరట ఉంది. కీలక ఆడిట్ అంశాల నియమం నుంచి ఉద్యోగుల షేర్ల కొనుగోలు, పొదుపు ప్లాన్లను పీసీఏఓబీ మినహాయించింది. అంతర్గత నియంత్రణలపై యాజమాన్య నివేదిక గాని, ఆడిటరు అభిప్రాయం గాని 11-కెకు అక్కర్లేదు. సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం 302 సెక్షను కింద సీఈఓ ఇచ్చే ధ్రువీకరణ కూడా అక్కర్లేదు. సంతకం పెట్టేది ప్లాను నిర్వాహకులు. సంతకాల పేజీలో పైన ప్లాను పేరు, కింద నిర్వాహక కమిటీ ప్రతినిధి పేరు ఉండాలి. అలవాటు కొద్దీ కంపెనీ పేరు మీద ఆర్థికాధికారి సంతకం వేసిన ముసాయిదాలు నేను చాలా చూశాను.

తప్పించుకోలేనివి రెండు ఉన్నాయి. పని నాణ్యతను మరో భాగస్వామి సమీక్షించడం తప్పదు, ఆయన సమయం జూన్ మూడో వారంలో దొరకదు, ఇప్పుడే అడిగి పెట్టుకోండి. రెండోది ఎగ్జిబిట్ 23, అంటే మీ నివేదికను ఎస్-8లో భాగంగా వాడుకోవడానికి మీరు ఇచ్చే సమ్మతి పత్రం. అందులో ఎస్-8 నమోదు సంఖ్య ఉండాలి.

చికాగో ప్లాన్ కమిటీ
17 ఏప్రిల్ 2026

నేను ఆడిటరును కాను, అవతలి గట్టున ఉండే ప్లాను నిర్వాహకురాలిని. మా అనుభవం చెబితే ఎవరికైనా ఉపయోగపడుతుందేమో.

కొన్నేళ్ళ క్రితం మేము పని చేసే కంపెనీని ఒక లిస్టెడ్ కంపెనీ కొన్నది. మా 401(కె)ను అలాగే ఉంచి, అందులో మాతృసంస్థ షేర్ల ఫండ్ ఒకటి చేర్చారు. ఎస్-8 వేసింది మాతృసంస్థ న్యాయవిభాగం, ఖాతాలు చూసేది మేము. ఆ రెండు గదుల మధ్య మాట నడవలేదు. మా ప్లాను ఆడిటరు పదేళ్ళుగా ఉన్న ఒక చిన్న సంస్థ, చాలా మంచివారు. మే మొదటి వారంలో మాతృసంస్థ నుంచి ‘మీ 11-కె ముసాయిదా ఎప్పుడు?’ అని మెయిలు వచ్చేదాకా ఆ మాట మేము విననే లేదు.

చూస్తే ఆ ఆడిట్ సంస్థ పీసీఏఓబీలో నమోదు కాలేదు. దరఖాస్తు పెడదామంటే నిర్ణయానికి బోర్డుకు 45 రోజుల వ్యవధి ఉంటుంది. పోనీ అదైనా దాటుదామంటే అంతకన్నా లోతైన చిక్కు బయటపడింది. ఏటా మా ఆర్థిక నివేదికలను, నోట్లతో సహా, తయారు చేసి ఇచ్చేది వాళ్ళే. మామూలు ప్లాన్ల ఆడిట్‌లో కొన్ని జాగ్రత్తలతో అది చెల్లుతుంది. ఎస్‌ఈసీ స్వతంత్రత నియమాల కింద ఆడిటరే క్లయింటు లెక్కలు రాయడం చెల్లదు, ఏ జాగ్రత్తా దాన్ని సరిచేయలేదు. తాము రాసిన లెక్కను తామే తనిఖీ చేసినట్టు అవుతుంది కదా.

చివరికి మే చివరి వారంలో వేరే సంస్థను పెట్టుకున్నాం, లెక్కలు రాయడానికి మూడో సంస్థను పెట్టుకున్నాం. గడువు అందలేదు. గడువు మరునాటి పనిదినంలోగా ఫారం 12బి-25 వేస్తే 11-కెకు 15 క్యాలెండరు రోజులు దొరుకుతాయి, ఆ పదిహేను రోజుల్లో పదమూడో రోజున పంపాము. ఖర్చు మామూలు ఏడాది ఆడిట్‌కు దాదాపు మూడు రెట్లయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టు, ఫండ్ చేర్చే ముందు ఒక ఫోన్ కాల్ చేసి ఉంటే సరిపోయేది.

మాదాపూర్ ఇంజినీరు
18 ఏప్రిల్ 2026

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. నేను ఒక అమెరికా కంపెనీ హైదరాబాదు కార్యాలయంలో పని చేస్తూ ఈఎస్‌పీపీలో షేర్లు కొంటున్నాను. కంపెనీ ఇచ్చే ఈ వార్షిక నివేదికలు ఏవైనా నా ఆదాయపు పన్ను రిటర్నుకు పనికొస్తాయా? అమెరికాలోని సహోద్యోగికి ఫారం 3922 వచ్చిందట, నాకు రాలేదు.

ఫ్రిస్కో న్యాయసలహా
18 ఏప్రిల్ 2026

మీకు రాకపోవడం పొరపాటు కాదు. ఫారం 3922 అనేది 423 ప్లానులో కొన్న షేరు మొదటిసారి ఉద్యోగి పేరు మీదికి మారినప్పుడు, కంపెనీ అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కూ ఉద్యోగికీ ఇచ్చే సమాచారం. ఉద్యోగి ప్రతి చేరవలసిన గడువు జనవరి 31. అమెరికాలో నివాసి కాని, జీతం వివరాల పత్రం డబ్ల్యు-2 ఇవ్వవలసిన అవసరం లేని ఉద్యోగికి అది ఇవ్వనక్కర్లేదు. 11-కె ప్లాను మొత్తానికి సంబంధించిన లెక్క, మీ వ్యక్తిగత అంకె అందులో ఉండదు. మీకు కావలసింది బ్రోకరేజీ వాళ్ళ కొనుగోలు రసీదు, డిసెంబరు 31 నాటి స్టేట్‌మెంటు. మన రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్ఏలో మీరు చూపేది ఆర్థిక సంవత్సరం కాదు, క్యాలెండరు సంవత్సరం. ఈ జూలైలో వేసే రిటర్నులో 2025 డిసెంబరు 31తో ముగిసిన ఏడాది వివరాలు ఇవ్వాలి, అందుకు ఐటీఆర్-1 పనికిరాదు. చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం విలువ 20 లక్షలు మించకపోతే 2024 అక్టోబరు 1 నుంచి ఆ జరిమానా లేదు, చూపించే బాధ్యత మాత్రం అలాగే ఉంది. దీనిపై ఇంకా ప్రశ్నలుంటే వేరే చర్చ తెరవండి, ఇక్కడ 11-కెను నడవనిద్దాం.

పాత ఆడిటరు
19 ఏప్రిల్ 2026

అన్నీ చదివాను. ఒక మాట అడగాలని ఉంది. ఈ 11-కెను ఎవరు చదువుతారు? ఇరవై ఏళ్ళు సంతకాలు పెట్టాను, ఒక్క ఉద్యోగి కూడా ఫోన్ చేసి ‘మీ పట్టికలో ఫలానా అంకె ఏమిటి’ అని అడగలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అనిపించేది.

అయినా దీన్ని తీసేయమని నేను అనను, ఎందుకంటే ఎన్‌రాన్ కాలంలో నేను పనిలో ఉన్నాను. ఆ కంపెనీ 2001 డిసెంబరులో దివాలాకు వెళ్ళేనాటికి ముందు ఏడాది లెక్కల్లో, ఉద్యోగుల 401(కె) ఆస్తుల్లో సుమారు 60 శాతం ఆ కంపెనీ షేర్లే. అది రహస్యం కాదు, ప్లాను ఆస్తుల పట్టిక తీసి భాగహారం చేస్తే ఎవరికైనా తెలిసేదే. షేరు పడిపోతున్న రోజుల్లో రికార్డ్ కీపరును, అంటే ఉద్యోగుల ఖాతాలు నడిపే సంస్థను, మార్చే పని పెట్టుకోవడంతో కొంతకాలం ఉద్యోగులు అమ్ముకోలేకపోయారు కూడా. ఆ తరువాతే సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం అటువంటి స్తంభనకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలంది. ఉద్యోగి తన చందాతో కొన్న కంపెనీ షేర్లను ఎప్పుడైనా వేరే ఫండులోకి మార్చుకునే హక్కును 2006 పింఛను రక్షణ చట్టం ఇచ్చింది.

2014లో ఫిఫ్త్ థర్డ్ బ్యాంకార్ప్ కేసులో, కంపెనీ షేర్ల ఫండు నడిపే ధర్మకర్తలు వివేకంతోనే నడిపారని ముందే అనుకోవాలన్న వాదనను సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇటువంటి దావాల భయంతో చాలా కంపెనీలు ఆ ఫండునే మూసేశాయి. మూసిన చోట ఎస్-8ను సవరించి, ఫారం 15 వేసి, 11-కె బాధ్యత నుంచి బయటపడతారు. అయితే ఫండు మూసిన రోజుతోనే బాధ్యత ఆగిపోయిందని అనుకుని ఆ ఏడాది నివేదిక ఎగవేసినవాళ్ళనూ చూశాను. ఆగిపోయేది ఎప్పుడన్నది న్యాయవాది చెప్పాలి, హెచ్‌ఆర్ కాదు.

చికాగో ప్లాన్ కమిటీ
19 ఏప్రిల్ 2026

పాత ఆడిటరు గారూ, ఎవరూ చదవరన్న మాట నేను ఒప్పుకోను. మా కమిటీ చదువుతుంది, మీరు చెప్పిన ఆ భాగహారం కోసమే. ఊరికే ఉదాహరణకు, నికర ఆస్తులు 10 కోట్ల డాలర్లు అనుకుందాం, ఆస్తుల పట్టికలో కంపెనీ షేర్ల ఫండు 3 కోట్ల 20 లక్షలు అని కనిపిస్తే, మూడో వంతుకు దగ్గరగా ఒకే బుట్టలో ఉందని అర్థం. ఆ అంకె నిరుటి కన్నా పెరిగితే, షేరు ధర పెరగడం వల్లా, కొత్త చందాలు అటే పోవడం వల్లా అన్నది ఆరా తీస్తాం. రెండోదయితే ఉద్యోగులకు అవగాహన సమావేశం పెడతాం. ఫారం 5500లోనూ ఈ అంకెలుంటాయి, కాని అది మా చేతికి వచ్చేసరికి దసరా వస్తుంది.

ఎడిసన్ ఖాతాలు
20 ఏప్రిల్ 2026

ఈ ఏడాది కొత్తగా వచ్చిన పని ఒకటి చెప్పడం మరిచాను. 11-కెలోని ఆర్థిక నివేదికలను, నోట్లను ఇన్‌లైన్ ఎక్స్‌బీఆర్‌ఎల్ రూపంలో, అంటే కంప్యూటరు చదివేలా అంకెలకు ట్యాగులు తగిలించి, ఇవ్వాలని ఎస్‌ఈసీ 2022 జూన్‌లో నియమం తెచ్చి, మూడేళ్ళ వ్యవధి ఇచ్చి, 2025 జూలై 11 నుంచి తప్పనిసరి చేసింది. నిరుడు జూన్‌లో పంపినవాళ్ళు దాన్ని తప్పించుకున్నారు కనుక డిసెంబరు ప్లాన్లకు ఇదే మొదటి ఏడాది. ట్యాగులు వేయడం ఆడిటరు పని కాదు, చేయనూకూడదు. అయితే ముసాయిదా వాళ్ళ చేతికి వెళ్ళాక ట్యాగులు వేసి తిరిగి రావడానికి వారం పది రోజులు పడుతుంది, ఆలోగా మీరు ఒక నోటు మార్చితే ఆ ట్యాగు మళ్ళీ వేయాలి. మీ అసలు గడువు జూన్ 29 కాదు, జూన్ 12 అనుకుని పని చేయండి.

గచ్చిబౌలి పద్దులు
27 జూన్ 2026

చాలా రోజుల తరువాత రాస్తున్నాను. నిన్న, శుక్రవారం, 11-కె ఎస్‌ఈసీ ఆన్‌లైన్ ఫైలింగ్ వ్యవస్థ ఎడ్గర్‌లో చేరింది. జరిగింది చెప్పడం న్యాయం కనుక చెబుతున్నాను.

జీతాల ఫైళ్ళు పరీక్షిస్తున్నప్పుడు, గత ఏడాది ఒక్క పే పీరియడ్ చందా ట్రస్టుకు మూడు వారాలు ఆలస్యంగా చేరినట్టు కనిపించింది. మిగిలినవన్నీ రెండు మూడు రోజుల్లో వెళ్ళాయి. జీతాల సాఫ్ట్‌వేరు మార్చిన వారంలో ఒక ఫైలు తిరస్కరణకు గురై ఎవరి ఇన్‌బాక్సులోనో ఉండిపోయిందట. ఉద్యోగి సొమ్మును యజమాని తన దగ్గర ఉంచుకున్నట్టే కనుక అది ఎరిసా కింద నిషిద్ధ లావాదేవీ అవుతుంది. పోయిన రాబడి లెక్కగట్టి ఖాతాల్లో వేశారు, ఫారం 5330తో ఎక్సైజు పన్ను కడుతున్నారు. ఆలస్యమైన చందాల పట్టిక, అంటే ఫారం 5500 షెడ్యూల్ హెచ్‌లో 4ఎ వరుస పట్టిక, 11-కెలోనే చేరింది. క్లయింటు మొదట ‘ఇంత చిన్న మొత్తానికి పట్టిక ఎందుకు’ అన్నారు. మొత్తం చిన్నదైతే పట్టిక అక్కర్లేదన్న నియమం లేదని చూపించాక ఒప్పుకున్నారు.

పెట్టుబడుల పరీక్షకు నేను అనుకున్నదానికన్నా తక్కువ సమయమే పట్టింది. మ్యూచువల్ ఫండ్లకూ కంపెనీ షేరుకూ ప్రచురితమైన ధరలు ఉన్నాయి, సామూహిక ట్రస్టుల ఆడిట్ నివేదికలు తెప్పించుకోవడమే ఆలస్యమైంది. నాణ్యత సమీక్ష భాగస్వామి ఎడిసన్ గారు చెప్పినట్టే మూడో వారంలో సెలవులో ఉన్నారు, ముందే అడిగి పెట్టడం వల్ల రెండో వారంలో చూశారు.

అసలు భయం చివరి రోజు వచ్చింది. సమ్మతి పత్రంలో మేము ఒక ఎస్-8 సంఖ్యే రాశాం. న్యాయవాది చూసి, ప్లానుకు కొన్నేళ్ళ క్రితం అదనపు షేర్ల కోసం రెండో ఎస్-8 కూడా వేశామని, రెండు సంఖ్యలూ ఉండాలని అన్నారు. గురువారం రాత్రి మా వైపు పదకొండు గంటలకు భాగస్వామి చేత మళ్ళీ సంతకం చేయించి పంపాం. వచ్చే ఏడాది పనిపత్రాల మొదటి పేజీలో ఆ రెండు సంఖ్యలు పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. ఈఎస్‌పీపీ మీద న్యాయవాది రాతపూర్వక అభిప్రాయం కూడా అదే ఫైలులో ఉంది. విడి హక్కు లేదు, నివేదిక అక్కర్లేదు అని రాశారు.

హెచ్‌ఆర్ మేడమ్‌కు ఏప్రిల్‌లో ఇవ్వలేని జవాబు మే నెలలో ఇచ్చాను. నిన్న ఆమె అడిగింది ఒక్కటే, ఫారం 5500కు అక్టోబరు దాకా ఆగవచ్చా అని. ఆడిట్ అయిపోయింది కనుక ఆగనక్కర్లేదు, ఆగాలనుకుంటే మాత్రం 5558ను జూలై 31 దాటకుండా పంపండి అని చెప్పాను.

లెక్కల మాస్టారు
27 జూన్ 2026

శుభం. 2028 డిసెంబరు ప్లాను ఏడాదికి గడువు 2029 జూన్ 29, శుక్రవారం. 2027 డిసెంబరుతో ముగిసేదానికి మాత్రం 2028 లీపు సంవత్సరం కనుక జూన్ 28, బుధవారం. ఇప్పుడే రాసి పెట్టుకోండి.